ఊదినవాడు దొరికాడు, అంటించినవాడేడీ?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ‘గుండె గోడల మందానికి అసలు దోషి రోగనిరోధక శక్తే’ అని వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ, వారమంతా మా బావగారికి నచ్చజెప్పడంతోనే సరిపోయింది.

ఆయనకు డెబ్బై ఒకటి. చాలా ఏళ్లుగా బీపీ. ఎకోలో, అంటే గుండె స్కానింగులో, గుండె గోడ 14 మిల్లీమీటర్లు వచ్చింది, 11 దాటితేనే ఎక్కువ. మీ వార్త కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. “చూశావా అమ్మాయ్, బీపీ వల్ల కాదంట, పేపర్లోనే వేశారు” అని నాకే పాఠం. బల్ల మీద మాత్రల షీటు చూద్దును కదా, ఆదివారం నుంచి ఒక్కటీ చింపలేదు.

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, ఊరుకోలేక చెబుతున్నాను. బీపీ ఎక్కువైతే రక్తాన్ని నెట్టడానికి గుండె మరింత కష్టపడాలి. బస్తాలు మోసేవాడి భుజంలా కండరం లావెక్కుతుంది. ఆ ఒత్తిడికి మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే రోగనిరోధక కణాలు గుండెలోకి చేరి, వాటి సంకేతాల వల్ల కండరం మధ్య నారలాంటి కణజాలం పెరిగి గుండె బిగుసుకుపోవడం ఎలుకల్లో చూశారు. టీ కణాలు లేని ఎలుకల్లో ఆ నష్టం తగ్గింది. ఇందులో బీపీ నిర్దోషి అని ఎక్కడుంది? మీవాళ్లు మంటను ఊదినవాణ్ణి పట్టుకుని, అంటించినవాణ్ణి వదిలేశారు. శాస్త్రవేత్తలు ‘కావచ్చు’ అన్నది తెల్లారేసరికి ‘అసలు దోషి’ ఎలా అయింది?

రోగనిరోధక కణాలు రేపే ఈ మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను, మందుతో తగ్గించడం అంత తేలికా? కనకినుమాబ్ అనే అలాంటి మందును గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా ఇచ్చిన పరీక్షలో చూసి 2017లో ఫలితాలు చెప్పారు. మళ్లీ గుండెపోట్లు కొంత తగ్గాయి, ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. అదీ గోడల మందానికి ఇచ్చిన మందు కాదు.

మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2009 నాటి పరిశోధన మాత్రం మీకు కనబడలేదు. భారతీయుల్లో దాదాపు 4 శాతం మందికి గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించి ఉంటాయని, వాళ్లకు గుండె కండరం జబ్బుల ముప్పు ఎక్కువని తేల్చారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే మిగతావాళ్లూ చూపించుకోవాలని ఒక్క వాక్యం రాసినా పుణ్యం ఉండేది.

అన్నిటికీ మించి, ఆ వార్త కిందే ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడి ప్రకటన! 2020లో మిరియాలు, తిప్పతీగ కషాయం తాగి పెంచుకోమన్నదీ ఈ పేజీయే. ఇప్పుడు పెంచుకోవాలా, తగ్గించుకోవాలా? ముందు మీలో మీరు తేల్చుకోండి.

ఇక మా ఊరి ఆసుపత్రి. ఎకో మిషన్‌కు కొబ్బరికాయ కొట్టి రిబ్బన్ కత్తిరించిన ఫొటో మీరే వేశారు. ఎకో తీసేవాళ్లు లేక దాని మీద దుప్పటి కప్పి ఉంచారు. ఆ ఫొటో మాత్రం ఎవరూ వేయరు. బీపీ మాత్రలు నెలకని రాస్తే పది రోజులకే ఇస్తారు, మిగతావి ‘స్టాకు రాలేదమ్మా’.

సవరణ వేస్తే ఏ మూలనో చీమ తలకాయంత వేయకండి. అదే పేజీలో, అంతే లావు అక్షరాల్లో వేయండి. మా బావగారు కళ్లజోడు పెట్టుకోకుండా చదివేది హెడ్డింగులే.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా