దెయ్యాల బీరువాకి కొత్త రేట్లు

నమస్కారమండీ. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అమలాపురంలోని మన అద్దె పుస్తకాల షాపులో దెయ్యాల బీరువా పుస్తకాలకి రోజు అద్దె తీసేస్తున్నాను. కౌంటర్ వెనకాల ఉన్న ఆకుపచ్చ ఇనప బీరువా అన్నమాట. హారర్, ఫాంటసీ, పాత జానపద నవలలు అన్నీ అందులోనే ఉంటాయి. సాంఘిక నవలలకీ, వారపత్రికలకీ, పోటీ పరీక్షల పుస్తకాలకీ మాత్రం పాత పద్ధతే.

ఎందుకు మారుస్తున్నానో లెక్కతో సహా చెప్తాను. మా మామయ్యగారి కాలం నుంచి రోజుకింత అని తీసుకుంటున్నాం. ఇప్పుడది 5 రూపాయలు. సాంఘిక నవలకి ఇది బాగానే ఉంది, మూడు నాలుగు రోజుల్లో ఎవరైనా పూర్తి చేసేస్తారు. హారర్ సంగతి వేరు. సాయంత్రం తీసుకెళ్ళినవాళ్ళు పొద్దున్న నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద నిలబడి ఉంటారు. రాత్రంతా చదివి, ఇంట్లో ఇంకొకళ్ళ చేత కూడా చదివించి, 5 రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. ఫాంటసీ చదివేవాళ్ళకి సరిగ్గా దీనికి తలకిందులు. టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడు సంపుటాలు అడిగిన డిగ్రీ కుర్రాడు, కాలేజీ చదువు మధ్యలో ఒక్కోదానికి నెల పడుతుందన్నాడు. అంటే సంపుటానికి 150, మొత్తం 450 రూపాయలు. "ఆ డబ్బు పెడితే సెకండ్‌హ్యాండ్‌లో కొనేసుకోవచ్చు కదా ఆంటీ" అని పుస్తకం అక్కడే పెట్టేసి వెళ్ళాడు. వాడన్నదాంట్లో తప్పేముంది?

అందుకని ఇకమీదట రోజులతో పని లేదు. తెలుగు నవల ఏదైనా 15 రూపాయలు, వారం ఉంచుకోండి. లావుపాటి ఇంగ్లీషు పుస్తకమైతే 40, నెల ఉంచుకోండి. డిపాజిట్ 200, మానేసిన రోజున మొత్తం తిరిగిచ్చేస్తాను. ఒక్క రాత్రిలో చదివేసే హారర్ అభిమానులకి అద్దె మూడింతలైంది, దాచేదేం లేదు. కోపం వస్తే షాపుకొచ్చి తిట్టండి, టీ తెప్పిస్తాను.

ఎలాగూ డబ్బుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. పుస్తకాల అద్దెతో షాపు నడవట్లేదు. నడిపిస్తున్నది జిరాక్స్ మిషను, ఆన్‌లైన్ దరఖాస్తులు, జూన్‌లో నోటు పుస్తకాలు. అమలాపురంలో అద్దె పుస్తకాల షాపు ఇంకా ఉందా అని పై ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు ఊరికే తిరుగుతుంటే డబ్బులిచ్చి చదివేవాళ్ళు తగ్గడంలో వింతేం లేదు. అయినా చదివేవాళ్ళు తగ్గని బీరువా ఇదొక్కటే. సాంఘిక నవలలకి వచ్చేది ఎక్కువగా యాభై దాటినవాళ్ళు. ఈ బీరువా దగ్గర మాత్రం ఇంటర్ పిల్లా, రిటైరైన మేష్టారూ పక్కపక్కన నిలబడతారు. అందుకే అద్దె పద్ధతి సరిచేసి దీన్ని నిలబెట్టుకుందామని.

ఇక అసలు సంగతి, ఇందులో ఏమున్నాయి, ఏది ఎవరికి. ఇవన్నీ నా ఇష్టాయిష్టాలే సుమండీ.

తులసిదళం అడగనివాళ్ళు లేరు. అది రాసిన యండమూరి వీరేంద్రనాథ్ పుట్టింది మన రాజోలులోనే అని చెబితే కొత్త పిల్లలు నమ్మరు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందది. మన దగ్గర అచ్చు పుస్తకం కాక, ఒక బైండు పుస్తకం కూడా ఉంది. అప్పట్లో వారం వారం సీరియల్ పేజీలు చింపి, దాచి, అయిపోయాక కుట్టించుకునేవారు కదా, అలాంటిది. ఒక పేజీ వెనక వంటల శీర్షిక, ఇంకో పేజీ వెనక సగం కార్టూను. వారం చివర కథ ఎక్కడ ఆపారో అందులో తెలిసిపోతుంది, అక్కడ కాగితం కాస్త నలిగి ఉంటుంది. దాన్ని అద్దెకివ్వను, షాపులో కూర్చుని చూడొచ్చు.

అప్పట్లో దాన్ని క్షుద్ర సాహిత్యమని బాగానే తిట్టారు. మూఢనమ్మకాలు పెంచుతోందన్నారు. మా మామయ్యగారి స్నేహితుల్లో ఎర్రజెండా మేష్టార్లు కొందరుండేవారు, ఆ నవల బల్ల మీద కనిపిస్తే తిరగేసి పెట్టేవారట. ఆ వాదనలో నిజం లేదనను. కానీ ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చదివితే నాకు పట్టుకున్నది మంత్రాలు కాదు. పసిపిల్ల మంచం మీద పడిపోతుంది. అది రోగమా, చేతబడా? పెద్దవాళ్ళకి తేలదు. డాక్టరు చెప్పేదీ నమ్మబుద్ధేస్తుంది, మంత్రగాడు చెప్పేదీ నమ్మబుద్ధేస్తుంది. తర్వాత దాన్ని చూసి రాసినవాటిలో చాలావరకు ఈ ఊగిసలాట ఉండదు. మొదటి పేజీలోనే నిమ్మకాయలు, పుర్రెలు, చివర్లో అమ్మవారు. అలాంటివి మన బీరువాలోనూ ఉన్నాయి, అడిగితే ఇస్తాను, నేనై సిఫార్సు చేయను.

మల్లాది వెంకట కృష్ణమూర్తి నత్తలొస్తున్నాయ్ జాగ్రత్త మాత్రం నేనే చేతిలో పెడతాను. దెయ్యం లేదు, భూతం లేదు. వానాకాలం మన పంటకాలవ గట్ల మీద పాకే ప్రాణిని పట్టుకుని భయపెట్టాడాయన. చేలల్లోకి వెళ్ళే రైతులకి ఇస్తే నవ్వుతూ తీసుకెళ్తారు. ఒకాయన తిరిగిచ్చేటప్పుడు "పొద్దున్నే బోదె దగ్గరికెళ్ళాలంటే అదోలా ఉందండి" అన్నారు. ఆ పుస్తకానికి అంతకన్నా మంచి సమీక్ష నేను వినలేదు.

ఫాంటసీ అనగానే మన పిల్లలు ఇంగ్లీషు పేర్లే చెబుతారు. వాళ్ళకి కాశీమజిలీ కథలు చూపిస్తే ముందు లావు చూసి భయపడతారు. రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాసిన 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ తోడుగా ఒక గొల్లకుర్రాడిని తీసుకెళ్తాడు. వాడు ఊరికే రాడు, ప్రతి మజిలీలోనూ కథ చెప్పాలని షరతు. దార్లో ఏదో వింత చూస్తాడు, దాని సంగతేంటంటాడు, కథలోంచి ఇంకో కథ పుట్టుకొస్తుంది. భాష పాతది, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. పట్టనివాళ్ళకి దాసరి సుబ్రహ్మణ్యంగారి చందమామ సీరియళ్ళు ఇస్తాను. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, ఇలా. పత్రికలో వచ్చినప్పుడు ఆయన పేరు కూడా వేసేవారు కాదు. తరాల తరబడి పిల్లలు చిత్రా అనే ఆర్టిస్టు వేసిన బొమ్మలు చూసి, కథ చదివి, రాసిందెవరో తెలియకుండానే పెద్దవాళ్ళైపోయారు. నాకు వీటిలో నచ్చేది వేగం. వర్ణన రెండు వాక్యాలు, మూడో వాక్యానికి కథానాయకుడు గుహలో పడిపోయుంటాడు.

ఇంగ్లీషువి నేను మెల్లగా చదువుతాను, అడ్డం తగిలినచోట మా అమ్మాయిని అడుగుతాను. డ్రాకులా 1897 నాటిదని చెబితే ఎవరూ ముట్టుకోరు గానీ, అదంతా డైరీలు, ఉత్తరాలు, పేపరు కటింగులు. ఓడ లాగ్‌బుక్కు భాగం ఒక్కటి చదివి చూడండి. నావికులు ఒక్కొక్కరే కనిపించకుండా పోతుంటారు, కెప్టెన్ తారీఖు వేసి రాస్తూనే ఉంటాడు. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే దెయ్యం పేరనుకుని అడుగుతారు, ఆ పేరు దాన్ని తయారుచేసినవాడిది, తయారైనదానికి పేరే లేదు. మేరీ షెల్లీ రాయడం మొదలుపెట్టినప్పుడు ఆవిడ వయసు 18. ఇంటర్ పిల్లలకి ఈ ముక్క చెప్పే పుస్తకం అంటగడుతుంటాను.

షిర్లీ జాక్సన్ 1959లో రాసిన హిల్ హౌస్ నవలని కరెంటు పోయే అవకాశమున్న రాత్రి మొదలుపెట్టకండి. దెయ్యాన్ని చూపించనే చూపించదు. చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఘట్టం ఒకటుంది, అంతకుమించి చెప్పను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అర్సులా లెగ్విన్ ఎర్త్‌సీ నవలల్లో మొదటి పుస్తకం, 1968 నాటిది. అది పూర్తిగా దీవుల లోకం. ఎక్కడికెళ్ళాలన్నా పడవే. గెడ్ అనే కుర్రాడు తోటివాళ్ళ ముందు గొప్ప కోసం రాకూడని నీడని ఈ లోకంలోకి రప్పిస్తాడు. మొదటి సగం దాన్నుంచి పారిపోతాడు, రెండో సగం వాడే దాన్ని తరుముతాడు. రేవు దాటి బడికెళ్ళిన మన గోదావరి లంక పిల్లలకి ఆ పడవ ప్రయాణాల గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. చిన్న పుస్తకం, ఇంగ్లీషు మరీ కష్టమేం కాదు. తెలుగు మీడియంలో చదివి, మొదటి ఇంగ్లీషు ఫాంటసీ ఏది చదవాలని అడిగేవాళ్ళకి నా సమాధానం ఇదే. టోల్కీన్ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మార్పు. పాత కాలం నుంచి మన పాఠకులకి పుస్తకం మార్జిన్‌లో అభిప్రాయాలు రాసే అలవాటుంది. "బోరు, డబ్బు దండగ" దగ్గర్నుంచి "హీరో చచ్చిపోతాడు" దాకా. మొదటిదానికి నాకేం అభ్యంతరం లేదు. రెండోది రాసిన చేతులు దొరికితే ఊరుకోను. ఇకనుంచి ప్రతి పుస్తకం చివర ఒక తెల్లకాగితం అంటిస్తున్నాను. నచ్చిందో లేదో, ఇది నచ్చినవాళ్ళు తర్వాత ఏది చదవాలో అందులో రాయండి. పెన్సిల్‌తోనే. కథ చెప్పేయకండి. ఇప్పటికే కొన్నిట్లో ఒకళ్ళ కింద ఒకళ్ళు పోట్లాడుకుంటున్నారు. నేను సర్దిచెప్పను, ఆ కాగితం చదవడానికే పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళున్నారు మరి.

పుస్తకాల పరిస్థితి గురించి ఒక మాట. మన తేమ సంగతి తెలిసిందే. వానాకాలం వస్తే అట్టలు ఉబ్బుతాయి, బూజు పడుతుంది. కలరా ఉండలు, వేపాకు, పైన ఫ్యాను, నాకు చేతనైంది చేస్తున్నాను. ఇంటికి తీసుకెళ్ళాక కిటికీ పక్కనా, వంటింటి గట్టు మీదా పెట్టకండి. ఈ మధ్య పై ఊరి డీలరు ఒకాయన దగ్గర కట్టగా కొన్న పాత హారర్ నవలల్లో రెండింటికి చివరి పేజీలు లేవు. వాటి మీద ఎర్ర స్టిక్కరు వేశాను, అవి ఉచితంగానే తీసుకెళ్ళొచ్చు. ముగింపు మీరే ఊహించుకోవాలి.

చివరగా మీ సాయం కావాలి. సంక్రాంతికి ఇళ్ళకి సున్నాలు వేయిస్తారు, అటకలు దులుపుతారు. అటక మీద బైండు చేయించిన సీరియళ్ళు, పాత చందమామలు కనిపిస్తే తూకానికి వేసేయకండి. ముందు నాకు చూపించండి, తూకం కన్నా మంచి రేటే ఇస్తాను. ముఖ్యంగా కాశీమజిలీ ఏడో భాగం మన సెట్టులోంచి పోయి చాలాకాలమైంది. ఎవరింట్లో ఉన్నా తెచ్చివ్వండి, ఫైను అడగను. షాపు తెరిచేది పొద్దున్న తొమ్మిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది.