జ్వాలాపురం గోతిలోకి అందరూ కలిసి దిగాలి

సంపాదకులకు నమస్కారం.

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి పొలాల కింద తెల్లటి బూడిద పొర ఉంది. కొన్నిచోట్ల మనిషి ఎత్తు దాటుతుంది. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలికి కొట్టుకొచ్చిన బూడిద అది. గిన్నెలు తోమే పొడికి పనికొస్తుందని దాన్ని తవ్వి అమ్ముకున్నారు కూడా.

ధార్వాడకు చెందిన పురావస్తు ఆచార్యులు రవి కోరిశెట్టర్, బ్రిటన్ నుంచి వచ్చిన మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి, పైనా ఇంచుమించు అదే తీరువి దొరికాయి. అంత ఉత్పాతం తర్వాతా ఈ లోయలో మనుషులు మిగిలారని వారి వాదన. పుప్పొడినీ, పాత మట్టిలోని కార్బన్‌నూ పరీక్షించిన మరో బృందం మాత్రం ఆ పేలుడు తర్వాత మన దేశంలో అడవులు బాగా తగ్గాయని 2009లో రాసింది. తగువు తెగలేదు.

జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిగా నాకు ముఖ్యమనిపించేది జ్వాలాపురంలో తవ్వినవాళ్లు పనిచేసిన పద్ధతి. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో లెక్కగట్టే విద్య ఒకటుంది. గోతి గోడలోకి గొట్టం దిగగొట్టి, వెలుతురు సోకకుండా మూసి ల్యాబ్‌కు తీసుకెళ్తారు. చుట్టూ ఉన్న మట్టిలో రేడియేషన్ ఎంతో ఆ రంధ్రంలోనే కొలుస్తారు. మరి గొట్టం ఎక్కడ దిగాలి? పనిముట్టు దొరికిన మట్టం ఇదీ అని తవ్వినవాళ్లు చూపించాలి. అక్కడ వేరో, ఎలుక బొరియో పై మట్టిని కిందికి దించి ఉంటే, మట్టి గురించి చదివినవారు ఆపాలి. బూడిద నేరుగా రాలిందా, వాన నీటితో గుట్టల మీంచి జారి పేరుకుందా అన్నది మాలాంటివాళ్లు తేల్చాలి. ఇదంతా గోడ నిలిచి ఉండగానే జరగాలి. చెక్కేశాక సంచిలో మట్టి పోసి పార్శిల్ పంపితే, ఏ ల్యాబూ ఆ గోడను మళ్లీ నిలబెట్టలేదు.

మన దగ్గర పిల్లలకు ఈ అలవాటే చేయడం లేదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో, హిస్టరీ విద్యార్థుల్నీ మా బస్సులో తీసుకెళ్తామంటే, టూర్ డబ్బు ఏ శాఖది ఆ శాఖకేనని ఫైలు వెనక్కి పంపారు. వాళ్లు యాగంటి గుడి చూసి వచ్చారు, మేము బూడిద చూసి వచ్చాం. బూడిద అంచున రాతి పెచ్చు కనబడితే, అది మనిషి కొట్టిందో తానే పగిలిందో చెప్పగలిగినవారు మాలో ఒక్కరూ లేరు. ఆ పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తారు.

శ్రీ వేంకటేశ్వర, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్రమూ ఉంది, పురావస్తు చదువూ ఉంది, వృక్షశాస్త్రమూ ఉంది. ఏటా చలికాలంలో ఈ శాఖల పీజీ విద్యార్థులకు జ్వాలాపురంలో ఉమ్మడి క్యాంపు పెట్టండి. మార్కులూ ఉమ్మడిగానే వెయ్యండి. ఊళ్లో బూడిద తవ్విన కూలీలను పిలవండి, పొర ఎక్కడ పలచబడుతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్లకు కూలి కట్టివ్వండి. ఈలోగా జిల్లా అధికారులు మిగిలిన బూడిద గోడల్లో కొన్నింటికైనా కంచె వేయించి, తవ్వకం ఆపించాలని కోరుతున్నాను.

– విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, నంద్యాల