మూతపడిన సీసం బట్టీల కింది మట్టిని పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారాలు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని చుట్టుపక్కల ఉన్న పారిశ్రామికవాడల భూములను ఇకమీదట ఇళ్లకు, దుకాణాలకు, కార్యాలయాలకు మార్చుకోవచ్చంటూ రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చిన ‘హిల్ట్’ విధానం మీద పత్రికల్లోనూ సభల్లోనూ పెద్ద చర్చే జరిగింది. దాదాపు 9,292 ఎకరాల భూమికి ఎంత రుసుం కట్టించుకోవాలి, ఎవరికి లాభం, ఖజానాకు ఎంత నష్టం అన్న లెక్కలన్నీ పాఠకులు చదివారు. ఆ లెక్కలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ భూమి పైపొరలో, జానెడు లోతులో, ఏముందన్న ప్రశ్న మాత్రం నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా కనబడలేదు. ఉద్యోగ జీవితమంతా కళాశాలలో రసాయనశాస్త్రం బోధించినవాడిగా, నగరానికి దక్షిణాన ఒక పారిశ్రామికవాడ పక్కనే చాలా ఏళ్లుగా నివసిస్తున్నవాడిగా ఆ ప్రశ్నను మీ పత్రిక ద్వారా అధికారుల ముందు, తోటి పౌరుల ముందు పెట్టదలచుకున్నాను.

నేను ప్రత్యేకించి చెప్పదలచుకున్నది సీసం గురించి. మురుగు కుళ్లి పోతుంది, ఒలికిన నూనె కొన్నేళ్లకు సూక్ష్మజీవుల పాలవుతుంది. సీసం మూలకం కనుక అది ఎన్నేళ్లయినా విరిగి మరొకటిగా మారదు. పాత బ్యాటరీల నుంచి సీసం కరిగించే బట్టీల పొగ నుంచీ, కరిగించాక మిగిలితే పారబోసిన చిట్టెం నుంచీ మట్టి మీద పడిన సీసం బంకమట్టి రేణువులను, సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని చాలావరకు పైనున్న కొద్ది అంగుళాల్లోనే నిలిచిపోతుంది. వానలకు కొట్టుకుపోతుందని, భూమిలోకి దిగిపోయి మనకు దూరమవుతుందని ధైర్యం చెప్పుకోవడానికి లేదు. జాంబియా దేశంలోని కాబ్వే పట్టణంలో 1906 ప్రాంతంలో మొదలైన సీసం, జింకు గని, దానికి అనుబంధంగా నడిచిన కొలిమి 1994లో మూతపడ్డాయి. ఆ తరవాత మూడు దశాబ్దాలు గడిచినా అక్కడి వాకిళ్లలో ఆడుకునే పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో కనబడుతూనే ఉంది. వాళ్లంతా కొలిమి ఆరిపోయాక పుట్టినవాళ్లు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోవద్దు. మన నగరంలోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, శాస్త్రవేత్తలు నార్వే నిపుణులతో కలిసి కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని, దానికి దిగువన ఉన్న నివాస ప్రాంతాల మట్టిని సేకరించి మట్టిలో ఏ లోహం ఎంతుందో కొలిచే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరంతో పరీక్షించారు. ఆ ఫలితాలు 2008లో ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రికలో వచ్చాయి. అద్దకాలు, నూనె మిల్లులు, లోహపు పూతలు, బ్యాటరీల తయారీ వంటి సుమారు 300 పరిశ్రమలున్న ఆ వాడలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం చాలా ఎక్కువ మోతాదుల్లో ఉన్నాయనీ, వ్యర్థాలను రోడ్ల వెంట, ఖాళీ జాగాల్లో ఇష్టం వచ్చినట్లు పారబోయడమే ఇందుకు ప్రధాన కారణం కావచ్చనీ వాళ్లు రాశారు. కెనడా దేశపు మట్టి ప్రమాణాలతో పోల్చినప్పుడు వాడలో అధికభాగం సీసం, జింకు, ఆర్సెనిక్‌లతో తీవ్రంగా కలుషితమైనట్లు, నివాస ప్రాంతాల్లోనూ కొన్ని చిన్న చిన్న చోట్ల సీసం హద్దు మీరినట్లు తేలింది. ఇప్పుడు భూమి మార్పిడికి వీలు కల్పించిన వాడల్లో కాటేదాన్ కూడా ఉంది. అంటే ఆ మట్టి సంగతి తెలిసి పదిహేనేళ్లు దాటాక అక్కడ ఇళ్లు కట్టుకోవచ్చని చెబుతున్నాం.

కాటేదాన్‌కు కనీసం ఒక పేరుంది, ఒక అధ్యయనం ఉంది. నా ఆందోళన పేరూ ఊరూ లేని చిన్న బట్టీల గురించి. మా కాలనీ చివర సుమారు మూడు వందల గజాల ఖాళీ జాగా ఉంది. పాతికేళ్ల కిందట అక్కడ ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత కారు బ్యాటరీలను ఆటోల్లో తెచ్చి, గొడ్డళ్లతో పగలగొట్టి, యాసిడ్‌ను మోరీలోకి పారబోసి, లోపలి పలకలను బొగ్గుతో కలిపి కొలిమిలో వేసి రాత్రిపూట కరిగించేవారు. కారు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక పెద్ద యంత్రాలేవీ లేకుండానే దిమ్మలు పోసుకోవచ్చు. తెల్లవారేసరికి డాబాల మీద ఆరవేసిన బట్టలకు బూడిదరంగు పొడి అంటుకుని ఉండేది. కాలనీవాళ్లమంతా గట్టిగా అడిగాక ఒకరోజు షెడ్డు విప్పుకుని వెళ్లిపోయారు. పీడ విరగడైందని అందరం సంతోషించాం. చదువు చెప్పేవాణ్ని అయ్యుండి కూడా కింద మిగిలిన మట్టి గురించి ఆరోజు నేను ఆలోచించలేదు; అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఆ జాగాలో సాయంత్రం పూట పిల్లలు క్రికెట్ ఆడుతారు. బౌలింగు చేసే కుర్రాడు ప్రతి బంతికీ ముందు వేళ్లకు ఉమ్మి తడి చేసుకుని బంతిని రుద్దుతాడు. ఆ బంతి మట్టిలో దొర్లి మళ్లీ అవే వేళ్ల మధ్యకు వస్తుంది. గోడ పక్కన నాలుగేళ్ల పాప ఒకతె ప్లాస్టిక్ గిన్నెలో మట్టి పోసి గుజ్జనగూళ్లు వండుతుంటుంది. వండినదాన్ని రుచి చూసినట్లు నటిస్తూ వేలు నోట్లో పెట్టుకుంటుంది. సీసం పిల్లల ఒంట్లోకి చేరడానికి ప్రధానమైన దారి అదే. పెద్దల కన్నా పిల్లల పేగులు సీసాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి, ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల్లో మరింత ఎక్కువగా. ఎదిగే మెదడు మీద అది చేసే హాని తరవాత మందులతో సరయ్యేది కాదు.

గత వానాకాలంలో ఆ జాగాలో మట్టి కోసుకుపోయినచోట నల్లటి చిట్టెం ముక్కలు బయటపడ్డాయి. రేగిపండంత ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే దాని పరిమాణానికి మించిన బరువుంది. అందులో ఇరుక్కున్న బూడిదరంగు లోహపు పూసను వేరు చేసి, ఒక కళాశాల ప్రయోగశాలలో సజల నత్రికామ్లంలో కరిగించి పొటాషియం అయొడైడ్ ద్రావణం కలిపాను. పరీక్షనాళికలో చిక్కటి పసుపురంగు అవక్షేపం ఏర్పడింది; వేడి నీటిలో కరిగి, చల్లారేటప్పుడు బంగారు రేకుల్లా మెరుస్తూ కిందికి దిగింది. ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఏటా చూపించిన ప్రయోగమే ఇది, ఆ మెరుపు చూసి వాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఈసారి ఆ నాళికను చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. అక్కడ సీసం ఉందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములుందో, ఎంత మేర విస్తరించిందో చెప్పడానికి తగిన పరికరాలు, పద్ధతి ప్రకారం తీసిన నమూనాలు కావాలి. ఆ పని చేయించమని ఒక కార్యాలయానికి లిఖితపూర్వకంగా విన్నవించుకున్నాను. ఆ యూనిట్‌కు అనుమతి ఇచ్చినట్లు రికార్డే లేదని, పైగా అది మూతపడింది కనుక చర్య తీసుకోవడానికేమీ లేదని నోటిమాటగా జవాబు వచ్చింది. అనుమతి లేకుండా నడిచినచోటే మట్టిని ముందుగా చూడాలన్నది నా మనవి. రికార్డు లేకపోవడాన్ని పరీక్ష చేయకపోవడానికి కారణంగా చూపడం న్యాయం కాదు.

చట్టం లేదని కూడా ఇప్పుడు చెప్పడానికి వీల్లేదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025 జులైలో నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం కలుషితమైనట్లు అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థలు లేదా జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన పూర్తి చేయాలి. కాలుష్యం నిర్ధారణ అయితే ఆ స్థలం వివరాలు ప్రజలకు వెల్లడించి, రాకపోకలను నియంత్రించి, బాధ్యులెవరో తేల్చి శుద్ధి ఖర్చు వాళ్లచేత పెట్టించాలి. బాధ్యులు దొరకకపోతే ప్రభుత్వాలే భరించాలి. ఆ నిబంధనలు వచ్చేనాటికి దేశం మొత్తం మీద గుర్తించిన 103 కలుషిత స్థలాల్లో శుద్ధి పని మొదలైనవి 7 మాత్రమే. ఎక్కడెక్కడ బట్టీలు నడిచాయో వెతికేవాళ్లు లేకపోతే జాబితా ఎప్పటికీ పెరగదు, అది పెరగనంతకాలం మా కాలనీ జాగాలాంటివి కాగితం మీద నిర్మలంగానే ఉంటాయి.

వెతకడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో విలియం ఎకెల్ అనే పర్యావరణ శాస్త్రవేత్త పాత పారిశ్రామిక డైరెక్టరీలను తిరగేసి, అందులోని సీసం కొలిముల చిరునామాలను ప్రభుత్వ జాబితాలతో సరిపోల్చి, దాదాపు 430 స్థలాలు అధికారుల లెక్కలోనే లేవని 2001లో ప్రచురించారు. పదకొండేళ్ల తరవాత, 2012లో, యూఎస్ఏ టుడే పత్రిక విలేకరులు ఆ చిరునామాలు పట్టుకుని వెళ్లి, చేతిలో ఇమిడే ఎక్స్‌రే పరికరాలతో 20కి పైగా చోట్ల మట్టిని పరీక్షించారు. ఇళ్ల పెరళ్లలో, పిల్లలు ఆడుకునే చోట్ల ప్రమాదకర స్థాయిలో సీసం బయటపడింది. ప్రభుత్వం ఆ స్థలాలను మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. ఒక పత్రిక ఈ పని చేయగలిగిందన్న సంగతి మీకు గుర్తు చేయడం కూడా ఈ ఉత్తరం ఉద్దేశాల్లో ఒకటి. మన దగ్గర పాత ఫ్యాక్టరీల శాఖ లైసెన్సులు, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సులు, పరిశ్రమ కోటాలో ఇచ్చిన విద్యుత్ కనెక్షన్లు, పాత టెలిఫోన్ డైరెక్టరీలు ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ బట్టీల్లో పనిచేసిన కూలీలు, వాటికి బ్యాటరీలు అమ్మిన పాత సామాను వ్యాపారులు ఇంకా మన మధ్యే ఉన్నారు. శిక్ష పడుతుందన్న భయం లేకుండా వాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఏ గల్లీలో ఏ షెడ్డు ఉండేదో చెప్పగలరు.

పరీక్ష ఎలా చేస్తారన్నది కూడా ముఖ్యమే, ఎందుకంటే తప్పుడు చోట తవ్విన నమూనా తప్పుడు భరోసా ఇస్తుంది. నిర్మాణానికి ముందు చేసే సాయిల్ టెస్ట్ పునాది బలానికి సంబంధించినది. పది, పదిహేను అడుగుల లోతు మట్టికి సీసం సంగతి తెలియదు. కావలసింది పిల్లల చేతికి తగిలే పైఅంగుళం మట్టి, అందులోనూ వేళ్లకు అంటుకునే సన్నటి పొడి. షెడ్డు ఉన్న చోట, గాలివాటున పొగ పోయిన దిక్కున, వాన నీరు పారిన దారిలో, ఇంటి చూరు కింద విడివిడిగా తీయాలి. దూరంగా బట్టీ ప్రభావం లేని చోట నుంచి కూడా పోలిక కోసం కొంత మట్టి తీయాలి. పరికరంతో అక్కడికక్కడ చూసినవాటిలో కొన్నింటిని ప్రయోగశాలకు పంపి సరిచూసుకోవాలి. నివాస స్థలాల్లో కిలో మట్టికి 400 మిల్లీగ్రాముల సీసం దాటితే ప్రమాదమని చాలాకాలం లెక్కించిన అమెరికా 2024 జనవరిలో ఆ హద్దును 200కు తగ్గించింది. మన భవనాలకు కూడా అనుమతికి ముందు అలాంటి స్పష్టమైన హద్దు ఒకటి వర్తింపజేయాలి.

భూమి మార్పిడి వల్ల రాబోయే అసలు ప్రమాదం ఒకటుంది. సెల్లార్ల కోసం తవ్విన మట్టి అక్కడే ఉండదు. టిప్పర్లకెక్కి రాత్రికి రాత్రి మరో కాలనీలో గుంతలు నింపడానికి, పాఠశాల మైదానం చదును చేయడానికి, నర్సరీల్లో కుండీల్లోకి చేరుతుంది. ఒక జాగాలో ఉన్న విషం నాలుగు మండలాలకు పాకాక ఎవరూ వెనక్కి తేలేరు. కాబట్టి బట్టీలు, బ్యాటరీ యూనిట్లు, లోహపు పూతల యూనిట్లు నడిచిన ప్రతి స్థలంలో తవ్వకం మొదలు కాకముందే మట్టి పరీక్ష జరగాలనీ, ఫలితాలు వెబ్‌సైట్‌లో సర్వే నంబరుతో సహా పెట్టాలనీ, కలుషితమని తేలిన మట్టి ప్రమాదకర వ్యర్థాలకు కేటాయించిన చోటికే వెళ్లాలనీ భూమి మార్పిడి అనుమతిలోనే షరతు పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. విశాఖపట్నంలో 1970ల చివర మొదలై, జింకుతో పాటు సీసాన్నీ కరిగించి, చివరికి మూతపడిన పెద్ద స్మెల్టర్ పరిసరాలకు కూడా ఇదే వర్తించాలి. అక్కడివారు ఇంకా స్పష్టంగా చెప్పగలరు.

మట్టితో పాటు పిల్లల రక్తమూ చూడాలి. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాముల సీసం ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎంత తక్కువైనా హాని లేని మోతాదు అంటూ లేదని కూడా ఆ సంస్థే చెబుతోంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ ఉన్న నగరానికి ఈ పని భారం కాకూడదు. బస్తీ దవాఖానాల ద్వారా పాత బట్టీల చుట్టూ ఉన్న అంగన్‌వాడీ పిల్లలతో మొదలుపెట్టవచ్చు. అంతవరకు అలాంటి చోట్ల ఉన్న తల్లిదండ్రులు పిల్లల చేతులు తిండికి ముందు సబ్బుతో కడిగించాలని, చెప్పులు గుమ్మం బయటే విడవాలని, గదులు చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవాలని, ఆ మట్టిలో ఆకుకూరలు, దుంపలు పెంచకుండా తెచ్చిన మంచి మట్టితో కుండీల్లో పెంచుకోవాలని మనవి.

మా కాలనీ చివరి జాగాలో పోయిన నెల హద్దురాళ్లు పాతారు. పునాది తవ్వకం వేసవి లోపే మొదలవుతుందని అంటున్నారు. నమూనాలు తీయడానికి వచ్చే అధికారులకు గానీ, మీ విలేకరులకు గానీ, పాత షెడ్డు ఎక్కడ ఉండేదో, కొలిమి ఏ మూలన ఉండేదో, చిట్టెం ఎటు పారబోసేవారో దగ్గరుండి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
హైదరాబాద్