కరెంటు బిల్లు, పీచు పండు బొమ్మ

కమ్మింగ్, జార్జియా, అమెరికా
2025 నవంబరు 16, ఆదివారం

మావా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టిందని కోపం తెచ్చుకోకు. సెప్టెంబరు నుంచి కుదురుగా కూర్చుని నాలుగు ముక్కలు రాసే మనసు లేకపోయింది. ఇవాళ పొద్దున్నే కాఫీ కలుపుకుని కూర్చున్నా. పిల్లలు లేచేలోపు ఎంతయితే అంత.

‘అక్కడ మనవాళ్ళకి నిద్ర పడుతోందా’ అని అడిగావు. పట్టడం లేదురా. సెప్టెంబరు 19న, కొత్తగా హెచ్‌1బీ ఉద్యోగ వీసాకి దరఖాస్తు పెట్టాలంటే లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ సంతకం పెట్టాడు. ఆ రాత్రి మా వీధిలో చాలా ఇళ్ళలో లైట్లు ఆరలేదు. మా పక్కింటి కుర్రాడిది రాజమండ్రి. మహాలయ అమావాస్యకి గోదావరి గట్టున తండ్రికి పిండం పెట్టాలని బయల్దేరాడు. పోయినేడే పోయాడాయన. విమానమెక్కి బెల్టు పెట్టుకున్నాక ఫోన్లో వార్త చూశాడు. వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో అని దిగిపోయి ఇంటికొచ్చేశాడు. మర్నాడు, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి ఆ లక్ష వర్తించదని ప్రభుత్వం చెప్పింది. అప్పటికి విమానం ఆ ఒడ్డుకి చేరిపోయింది. ఆదివారం పొద్దున వాడు మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆవిడ ఇడ్లీ పెడితే ముట్టలేదు. లక్ష సంగతి కన్నా, మనిషిని అలా అదరగొట్టి తమాషా చూడటమే నాకు ఇవాళ్టికీ కడుపు మండుతోంది.

నేను పౌరుణ్ణి. నన్నెవరూ విమానం దించరు. అందుకే, నోరెత్తే వీలున్నవాడు ఎత్తాలి కదా అని అక్టోబరు 18న అట్లాంటాలో ‘నో కింగ్స్’ ఊరేగింపుకి వెళ్ళాను. రాజులొద్దు అని అర్థం, ట్రంప్ రాజులా ఏలుతున్నాడని. దేశమంతా ఆ రోజు జనం వీధుల్లోకొచ్చారు. అట్లాంటాలో రాష్ట్ర శాసనసభ దాకా నడిచాం. చక్రాల కుర్చీలో ముసలావిడ ఒకావిడ రాజ్యాంగం చిన్న పుస్తకాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది మావా. ఆవిణ్ణి చూశాక నాకు గొంతు పూడుకుపోయింది.

కానీ ఉన్నమాట చెప్తా. సాయంత్రం ఇంటికొస్తుంటే మనసు నిండలేదు. అంతమంది వచ్చారు, అట్టలు పట్టుకున్నారు, ఫొటోలు దిగారు, కార్లెక్కారు. అప్పటికే నాలుగు రోజులుగా రాష్ట్రమంతా ముందస్తు ఓటింగ్ నడుస్తోంది. నాతో నడిచిన పదిమందిని అడిగితే ఏడుగురికి ఆ సంగతే తెలీదు. మా డెమోక్రాట్ల జబ్బే ఇది. వాషింగ్టన్‌లో ఎవడు ఏం కూశాడో పొద్దున్నుంచి రాత్రి దాకా చూసి కుమిలిపోతాం, మన గడప ముందున్న ఎన్నిక కనపడదు.

ఏమిటా ఎన్నిక అంటావా? కరెంటు చార్జీల ఎన్నిక. నీకు బాగా అర్థమవుతుంది, విను. మన దగ్గర విద్యుత్ నియంత్రణ మండలి ఉన్నట్టు ఇక్కడ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అని ఉంది. ఐదుగురు సభ్యులు. కరెంటు కంపెనీ యూనిట్‌కి ఎంత వసూలు చెయ్యాలో తేల్చేది వాళ్ళే. మన దగ్గరలా సర్కారు నియమించడం కాదు, ఇక్కడ జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఈ ఎన్నిక దాకా ఆ ఐదుగురూ ట్రంప్ పార్టీ రిపబ్లికన్లే. వోగల్ అణు విద్యుత్ కేంద్రంలో రెండు కొత్త రియాక్టర్లు కడతామన్నప్పుడు 1,400 కోట్ల డాలర్లవుతుందన్నారు. పూర్తయ్యేసరికి ఏడేళ్ళు ఆలస్యం, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. అందులో పెద్ద ముక్క జనం బిల్లుల్లోకే వచ్చింది. 2023 నుంచి ఆరుసార్లు చార్జీలు పెంచారు. 2022లో జరగాల్సిన ఎన్నిక, నల్లజాతి ఓటర్లు వేసిన కేసు కోర్టులో నలగడంతో ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత ఇప్పుడు, నవంబరు 4న, రెండు సీట్లకి జరిగింది.

కరెంటు చార్జీలు అనగానే నాకు గుర్తొచ్చింది నువ్వే. 2000 ఆగస్టు 28, హైదరాబాదు బషీర్‌బాగ్. చార్జీల పెంపు మీద ఛలో అసెంబ్లీ. నీ చెప్పు తెగిపోతే చేత్తో పట్టుకుని పరుగెత్తావు. గుర్రాలు, లాఠీలు, ఆ తర్వాత కాల్పులు. ముగ్గురు పోయారు. ఆ రాత్రి హాస్టల్ మేడ మీద నువ్వన్నమాట మర్చిపోలేదు: ‘వీళ్ళు చచ్చింది యూనిట్‌కి కొన్ని పైసల కోసం కాదురా, మమ్మల్ని అడక్కుండా మా జేబులో చెయ్యి పెట్టొద్దు అన్నందుకు.’ పాతికేళ్ళు తిరిగేసరికి అదే మాట నేను జార్జియాలో ఇంటింటికీ తిరిగి చెప్పాల్సొచ్చింది. మనవాళ్ళు తూటా తిని అడిగింది, ఇక్కడ నేను ఓటు చీటీ పట్టుకుని అడగొచ్చు. ఆ వీలుండీ ఇంట్లో కూర్చుంటే నీకు మొహం చూపించలేను.

25వ తారీఖు శనివారం ఫోన్లో ఇళ్ళ జాబితా, చేతిలో కరపత్రాలు పెట్టుకుని బయల్దేరాను. మా పేటలో మనవాళ్ళ ఇల్లు దూరం నుంచే తెలిసిపోతుంది. గడపకి తోరణం, మెట్ల దగ్గర జోళ్ళు, తలుపు తియ్యకముందే పోపు వాసన. పద్దెనిమిది ఇళ్ళు తట్టాను. సగం తలుపులు తెరుచుకోలేదు. తెరిచినచోట ఎక్కువగా విన్నమాట ఒకటే: ‘మనకెందుకండీ రాజకీయాలు.’ ఒకాయన మరీ నెమ్మదిగా, నా మంచి కోరి చెప్తున్నట్టే చెప్పాడు: ‘పరాయి దేశంలో ఉన్నాం, తల వంచుకుని మన పని మనం చేసుకుపోతే మనల్ని ఏమీ అనరు.’

మావా, ఈ మాట నేనూ పదేళ్ళు నమ్మాను. 2017లో కాన్సస్‌లో, ఓలేతలో, ఆఫీసయ్యాక బీరు తాగుతూ కూర్చున్న మన హైదరాబాదు ఇంజినీర్ని ‘నా దేశంలోంచి పో’ అంటూ కాల్చి చంపాడే, ఆ పిల్లాడు తల వంచుకుని తన పని చేసుకున్నవాడే. ఆ రోజుతో ఆ నమ్మకం పోయింది.

నీకు మా ఊరి సంగతి ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. కమ్మింగ్ ఫార్సైత్ కౌంటీలో ఉంది. ఇవాళ రెండున్నర లక్షలకి పైగా జనం. మంచి బళ్ళున్నాయని మనవాళ్ళు ఎగబడి ఇళ్ళు కొంటున్నారు. మాదీ అందులో ఒకటే. 1912లో ఇక్కడ వెయ్యి మందికి పైగా నల్లజాతి వాళ్ళుండేవారు. ఒక తెల్ల అమ్మాయి హత్య జరిగింది. అనుమానంతో పట్టుకున్న ఒకణ్ణి జైల్లోంచి ఈడ్చుకొచ్చి ఊరి నడిబొడ్డున చంపారు. ఇద్దరు కుర్రాళ్ళకి ఉరిశిక్ష వేసి, వేలమంది చూస్తుండగా ఉరి తీశారు. ఆ రోజుల్లోనే రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి ఇళ్ళు తగలబెట్టి, చర్చిలు తగలబెట్టి, దాదాపు ప్రతి నల్లజాతి కుటుంబాన్నీ కౌంటీ దాటించారు. పండిన పత్తి చేలో వదిలేసి పోయారు. చాలామంది భూములకి దమ్మిడీ రాలేదు. ఆ తర్వాత డెబ్బై ఐదేళ్ళు ఇక్కడ వాళ్ళని అడుగు పెట్టనివ్వలేదు. 1987 జనవరి 17న, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు హోసియా విలియమ్స్ కొద్దిమందితో కలిసి నడుద్దామని వస్తే రాళ్ళూ సీసాలూ విసిరి వెనక్కి పంపారు. వారం తిరిగేసరికి ఇరవై వేలమంది వచ్చి నడిచారు. కింగ్ భార్య కొరెట్టా కూడా వచ్చింది. మా అబ్బాయి బడికి వెళ్ళే దారికి అది ఎంతో దూరం లేదు. 2020 జనాభా లెక్కల్లో కూడా మా కౌంటీలో నల్లజాతి వాళ్ళు నూటికి ఐదుగురు లేరు.

ఇల్లు కొన్నప్పుడు వాస్తు చూశాం, బడి చూశాం. ఈ నేల ఎవరిదని నేను అడగలేదు. ఐదేళ్ళయింది తెలిసి. అప్పట్నుంచి పెరట్లో గోంగూర మడికి గొయ్యి తవ్వినా ఆ మాట గుర్తొస్తుంది.

ఇంకోటి చెప్తా. 1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలో సెల్మా వంతెన మీద నల్లజాతి వాళ్ళ ఓటు హక్కు కోసం నడిచిన యువనాయకుడు జాన్ లూయిస్‌కి పోలీసుల లాఠీ దెబ్బకి పుర్రె చిట్లింది. వయసు పాతికేళ్ళు, మనం బషీర్‌బాగ్‌లో ఉన్నప్పటి కన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. అదే ఏడు అక్టోబరు 3న వలస చట్టం మారింది. అంతకు ముందు మన దేశం నుంచి ఏటా నూరుమందికే కోటా ఉండేది. ఈ రెండు చట్టాలూ ఒకే గాలికి రాలిన పళ్ళు. ఆ గాలి పుట్టించింది వాళ్ళు. ఆ తలుపు వాళ్ళు బద్దలు కొడితే వెనకాలే మనం సూట్‌కేసులతో లోపలికొచ్చాం. ‘మనకెందుకు’ అనే హక్కు ఇంకెవరికైనా ఉందేమో, మనకి లేదు. సుప్రీం కోర్టు 2013లో ఆ ఓటు చట్టానికి ఒక చెయ్యి నరికేసింది. మొన్న అక్టోబరు 15న ఇంకో చెయ్యి మీద వాదనలు వింది. ఏమంటారో అని గుండె చేత్తో పట్టుకుని ఉన్నాం.

పదిహేడో ఇంటి దగ్గరికి రా. తలుపు తీసింది డెబ్బై దాటిన పెద్దాయన, మన తెనాలి దగ్గర పల్లెటూరే. కొడుకు పిలిపించుకున్నాడు, ఇద్దరూ పౌరసత్వం తీసుకున్నారు. ‘మనకెందుకు బాబూ’ అని మొదలెట్టాడు. లోపల్నుంచి వాళ్ళావిడ ‘ఎవరండీ, కరెంటు మాట వినిపిస్తోందీ’ అంటూ వచ్చింది. నేను చెప్పేది నిలబడి అంతా విని, లోపలికెళ్ళి చీరల కొట్టు సంచి ఒకటి తెచ్చింది. నిండా బిల్లులు, రబ్బరు బ్యాండు వేసి, నెలనెలా వరసలో. కొడుకు కంప్యూటర్లోంచి అచ్చు తీసిచ్చేవాడట. చదవడం రాకపోయినా అంకెలు వస్తాయి. బల్ల మీద ఈ ఏడు జులైదీ మూడేళ్ళ కిందటి జులైదీ పక్కపక్కన పెట్టి, వేలు ఆనించి చూపించింది. ‘వాడకం తగ్గించా బాబూ, మధ్యాహ్నం ఏసీ కూడా ఆపేస్తా. అయినా ఇంత పెరిగింది. మా వాణ్ణి అడిగితే అంతేలే అమ్మా అంటాడు. ఎవర్ని అడగాలో చెప్పు.’

ఎవర్ని అడగాలో చెప్పు. ఆ మాటకి నా దగ్గర మొదటిసారి తిన్నగా జవాబుంది. ఇదిగో, ఈ ఇద్దర్ని మార్చొచ్చమ్మా అన్నాను.

‘నాకు ఇంగ్లీషు రాదుగా’ అంది. చదవలేనివాళ్ళు తమకి నచ్చిన మనిషిని సాయం తెచ్చుకోవచ్చు. ఆ సెల్మా చట్టానికే 1982లో ఆ వీలు కలిపారు. నవంబరు 4న ఇద్దర్నీ నా కారులో తీసుకెళ్ళాను. పెద్దాయన తనే చదువుకుని వేశాడు. ఆవిడకి సాయం చేస్తున్నట్టు నేను కాగితం మీద సంతకం పెట్టి పక్కన నిలబడ్డా. తెర మీద పేర్లు ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పాను. ఎవరికి వెయ్యాలో చెప్పలేదు, చెప్పకూడదు. ఆవిడే వేలు పెట్టింది. బిల్లు మీద అంకె చూపించినప్పుడు ఎంత గట్టిగా ఆనించిందో అంతే గట్టిగా. కాగితం అచ్చయి వస్తే రెండు చేతుల్తో పట్టుకెళ్ళి మిషన్లో వేసింది. బయట పీచు పండు బొమ్మున్న స్టిక్కర్ ఇస్తే, పవిట మీద అంటించుకుంటే ఊడిపోతుందేమోనని చేతి సంచి లోపల అంటించుకుంది.

ఆ రాత్రి ఫలితాలొచ్చాయి. డెమోక్రాట్లు అలీషియా జాన్సన్, పీటర్ హబ్బార్డ్ ఇద్దరూ నూటికి అరవై పైగా ఓట్లతో గెలిచారు. ఇలాంటి రాష్ట్రస్థాయి పదవి మావాళ్ళకి దక్కి దాదాపు ఇరవై ఏళ్ళు. కమిషన్లో ఇంకా ముగ్గురు రిపబ్లికన్లే ఉన్నారు, రేపే బిల్లు తగ్గిపోదు. ఆవిడకీ అదే చెప్పాను. ‘తగ్గకపోతే మళ్ళీ అడుగుదాం’ అంది.

హబ్బార్డ్ సీటుకి వచ్చే నవంబరులో మళ్ళీ ఎన్నిక. ఈసారి కరపత్రం తెలుగులో వేద్దామనుకుంటున్నా. నా తెలుగు పద్దెనిమిది ఇళ్ళలో సరిపోయింది కానీ అచ్చుకి చాలదు. ఒక పేజీ నువ్వు రాసి పంపు. యూనిట్ అంటే ఏమిటో, ఎవరు నిర్ణయిస్తారో, ఆవిడకి అర్థమయ్యేట్టు. బషీర్‌బాగ్ సంగతి రెండు వాక్యాలు పెట్టు.

పిల్లలు లేచారు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, మోకాలికి డాక్టరు ఏమన్నాడో రాయి.

నీ
మేడ మీది గదిలోవాడు