పవర్ సప్లై గురించి ఎవరూ అడగరేం?

ఎడిటర్ గారికి,

మా కడపలో డిజైన్ పనికీ గేమ్‌లకీ కలిపి కంప్యూటర్ కట్టించుకునే పిల్లలు 'ఐ7 ఉందా' అని అడిగి డబ్బంతా ప్రాసెసర్‌కే పోసి, చివర్లో క్యాబినెట్‌తో వచ్చే పేరులేని పవర్ సప్లైతో (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) సరిపెట్టుకుంటున్నారు. చూస్తే బాధేస్తుంది. గేమ్‌లకూ, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్‌కూ (డిజైన్‌ను పూర్తి బొమ్మగా మార్చడం) గ్రాఫిక్స్ కార్డే ముఖ్యం. ఫోటోషాప్‌కు 16 జీబీ ర్యామ్ ఉండాలి, అదీ రెండు 8 జీబీ స్టిక్కులుగా వేస్తే డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా అందిస్తూ నడుస్తుంది.

ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, వోల్టేజీ ఎక్కువ తక్కువ అవుతుంటుంది, అలాంటప్పుడు నాసిరకం పవర్ సప్లై తాను పోవడమే కాక మదర్‌బోర్డునూ కాల్చేయొచ్చు. పవర్ సప్లై మీద ఉండే '80 ప్లస్' గుర్తు కరెంటు పొదుపు గురించే చెబుతుంది, రక్షణ గురించి కాదు, అది బయటికిచ్చే వోల్టేజీ మితిమీరితే తానే ఆగిపోయే ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్ ఉందో లేదో విడిగా అడగాలి. దుకాణాల వాళ్లు ప్రతి పార్టు మోడల్ నంబరూ బిల్లులో రాసివ్వాలి. దీని మీద మీరు ఒక వివరమైన కథనం వేయండి.

– ఒక పాఠకుడు, కడప