చిన్నాకి, బందరు నుంచి

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న బీపీ తగ్గింది, మామిడికాయల ధరే తగ్గలేదు. నువ్వు ఫోన్ చేసి 19 రోజులు. లెక్కపెట్టి కాదు, క్యాలెండర్ ఎదురుగా ఉంది కాబట్టి కనిపించింది.

మొన్న చర్చిలో స్త్రీల మైత్రి కూటంలో పిన్ని అందరి ముందూ అడిగింది, "మీవాడు ఆర్సీఎంలో, అదే కాథలిక్కుల్లో, కలిసిపోయాడటగా, అన్నీ లాటిన్ ప్రార్థన పుస్తకాలే కొంటున్నాడట" అని. లాటిన్ ఒక్క ఆర్సీఎం వాళ్లదే కాదని నువ్వు చెప్పిందే చెప్పాను. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ 1560లోనే ఆ దేశపు ఆంగ్లికన్ చర్చి ప్రార్థన పుస్తకాన్ని లాటిన్‌లో వేయించింది, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీల్లో వాడుకోమంది అని. ఉన్న ఇంగ్లీషుని లాటిన్‌లోకి తిప్పడమెందుకంది పిన్ని. చదువుకున్నవాళ్ల భాష అప్పుడదే కదా అన్నాను. ఊరుకుంది. నాకే నిద్రపట్టలేదు. నువ్వు కలిసిపోయావని కాదు. ఆ ప్రార్థన పుస్తకానికే డ్యూరెల్ చేసిన 1670 నాటి లాటిన్ అనువాదం కొన్నానన్నావు, ధర అడిగితే మాట మార్చావు. అద్దె కట్టావా?

పాతకాలపు ఇంగ్లండు బిషప్ ఆండ్రూస్ సొంతానికి రాసుకున్న ప్రార్థనల ప్రతి ఆయన చేతులు తగిలి, కన్నీళ్లు పడి మాసిపోయిందన్నావే, అది వింటే తాతయ్య పుస్తకమే గుర్తొచ్చింది. 1977 ఉప్పెనప్పుడు నేను ఏడో క్లాసు. నీళ్లు తీశాక బీరువా తెరిస్తే తెలుగు ప్రార్థన పుస్తకం పూరీలా ఉబ్బి ఉంది. అమ్మమ్మ ఎండలో పడేద్దామంది. తాతయ్య ఒప్పుకోలేదు. ఎక్కడెక్కడినుంచో పొడి పేపర్లు తెచ్చి, రెండేసి పేజీల మధ్య ఒక ముక్క పెట్టి, పైన పొత్రం ఎక్కించారు. పూటకోసారి ముక్కలు మార్చడం నా పని. ఇంట్లో తడిసిన బియ్యం ముక్కిపోతున్నాయి, అమ్మమ్మ అరుస్తోంది, ఈయన గోటితో పేజీలు విడదీస్తున్నారు. పొత్రం లేక వారం రోజులు పచ్చడి లేదు. పెళ్లి క్రమం దగ్గర రెండు పేజీలు ఇప్పటికీ అతుక్కునే ఉన్నాయి. నీకీ పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదా!

తిట్టడానికి రాయట్లేదు. కానీ జీతం రాగానే ముందు అద్దె, తర్వాత తిండి, మిగిలితే పుస్తకం. క్రెడిట్ కార్డు మీద మాత్రం కొనకు, మీ బాబాయి పడ్డ అవస్థ చూశావుగా. తోలు అట్టలు హీటర్ పక్కన పెట్టకు, బీటలు వారతాయి. హీటర్ నువ్వు వేసుకో. కరెంటు బిల్లుకి భయపడి స్వెట్టర్‌తో పడుకుంటున్నావని నాకు అనుమానం.

కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాను. నూనె కారకుండా రెండు కవర్లు వేశాను, అయినా పుస్తకాల దగ్గర విప్పకు. తాతయ్య పుస్తకం కూడా పెడదామనుకుని మళ్లీ తీసేశాను. పోస్టుమీద నమ్మకం లేదు. క్రిస్మస్‌కి వచ్చి నువ్వే తీసుకెళ్లు.

అమ్మ