ఆదివారం తుఫాను షెల్టర్ దగ్గర కలుద్దాం

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ!

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది మన పలాస దగ్గరే. ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలి దారులు మూసుకుపోతే, కత్తి పట్టుకుని ముందు దిగింది ఊరి కుర్రాళ్లే.

ఈసారి ముందే సిద్ధపడదాం. ఆదివారం ఉదయం 7కి షెల్టర్ దగ్గరికి రండి. జనరేటర్ నడిపి చూడాలి, నీళ్ల ట్యాంకు కడగాలి. రంపం, తాడు ఉన్నవాళ్లు తెండి.

తర్వాత వీధికిద్దరు ఇల్లిల్లూ తిరగాలి. మంచం మీదున్న పెద్దలు, నిండు గర్భిణులు, ముఖ్యంగా డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల పేర్లు రాసుకోండి. దారులు మూసుకుపోకముందే వాళ్లను పలాస చేర్చాలి, డయాలసిస్ తప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఆ పేర్లు కాగితం మీదే ఉండాలి, గ్రూపులో పెట్టొద్దు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ చెప్పండి.

మర్చిపోవద్దు: ఆధార్, పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో. అత్యవసరమైతే 112.